పది సీసాల కోసం ఒక ఫ్రీజరు

పైన్ హార్బర్, మిషిగన్
9 అక్టోబర్ 2022

ఐలి అక్కకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానని కోప్పడకు. ముప్ఫయ్యారేళ్లు రంపపు మిల్లులో పనిచేసిన చెవులివి. పోయినసారి నువ్వు ఫోన్లో మోకాళ్లు నొప్పులంటే నేను "చాలా సంతోషం అక్కా" అన్నానట. నీ మేనకోడలు కారిన్ చెప్పి ఒకటే నవ్వు. అందుకని కాయితమే నయం.

నీతో ఒక పని పడింది. నేను సిగరెట్లు మానేసి ఈ నెలకి ఐదేళ్లు. నలభై ఏళ్ల పాటు రోజుకి రెండు పెట్టెలు కాల్చినవాణ్ణి. సిగరెట్ బదులు పీల్చే ఈ ఆవిరి గొట్టం లేకపోతే మానగలిగేవాణ్ణి కాదు. అందులో పోసే ద్రవం నేనే ఇంట్లో కలుపుకుంటానని నీకు తెలుసు. మొదట్లో వెయ్యిపాళ్లకి ఇరవై నాలుగు పాళ్ల నికొటిన్ ఉండేది, ఇప్పుడు ఆరుకి దిగాను. గట్టి నికొటిన్ ద్రవం సీసాలో తెప్పించుకుని, దాన్నే బాగా పల్చన చేసి వాడుకోవాలి. ఇంతకాలం పోస్టులో వచ్చేది. ఇక రాదని ఒకడు, వస్తుందని ఇంకొకడు, రోజుకో మాట. ఎందుకొచ్చిన గొడవని ఒకేసారి ఒక లీటరు తెప్పించేశాను. నా వాడకానికి తొమ్మిదేళ్లు వస్తుంది.

చిక్కేమిటంటే తొమ్మిదేళ్లు అది పాడవకూడదు. గాలి, వెలుతురు, వేడి తగిలితే రంగు మారి గొంతులో మిరియంలా మండుతుంది. బాగా చల్లగా ఉంచాలి. ఇప్పటికి వంటింటి ఫ్రిజ్‌లో, ఊరబెట్టిన బీట్‌రూట్ జాడీ వెనకాల పెట్టాను. చిన్న ఫ్రీజరొకటి కొందామని ఉంది. నువ్వు ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆసుపత్రిలో రక్తం చల్లగా దాచినదానివి. ఏది కొనాలో చెప్పు.

మనవరాలు టిల్డా ప్రతి శనివారం వస్తోంది. ఈ మధ్య నా సౌనాలో ఆవిరి స్నానానికి వేడి రాళ్ల మీద నీళ్లు పోసే పని తనదేనంటోంది. నాలుగేళ్ల పిల్ల, గరిటె పట్టుకుని మేనేజరులా నిలబడుతుంది.

నీ తమ్ముడు
ఆర్వో


డులూత్, మినెసోటా
14 అక్టోబర్ 2022

ఆర్వో,

బీట్‌రూట్ జాడీ వెనకాలా?

నీ ఉత్తరం అక్కడే ఆపి, లేచి, కాఫీ పెట్టుకుని, కూర్చుని మళ్లీ చదివాను. అదే మాట ఉంది. ఒక లీటరు గట్టి నికొటిన్. పెద్ద మనిషి చేతుల మీద ఒలికితేనే ప్రమాదం. నాలుగేళ్ల పిల్ల అదేదో షర్బత్ అనుకుని ఒక గుటక వేస్తే ఏమవుతుందో నేను రాయను. ఆసుపత్రిలో పనిచేశాను, నాకు తెలుసు.

ఇది అందిన రోజే దాన్ని వంటింట్లోంచి తియ్యి. తాళం పడే పెట్టెలో పెట్టు. తిండి ఉన్న చోట విషం ఉండకూడదు, ఫ్రీజరయినా సరే. ఇది నా మొదటి మాట, చివరి మాట కూడా.

రెండోది. "మంచు పేరుకోదు" అని గొప్పగా రాసి ఉన్న ఫ్రీజరు కొనకు. దానికి మంచు ఎందుకు పేరుకోదంటావా? రోజులో కొన్నిసార్లు తనంతట తనే లోపల వేడి చేసుకుని మంచు కరిగించుకుంటుంది. ఐస్‌క్రీముకి పరవాలేదు గానీ, నీ సీసాకి ప్రతిరోజూ చిన్న జ్వరం వచ్చిపోయినట్టే. ఏడాదికోసారి చేత్తో మంచు గీకుకునే పాతకాలపు రకమే మంచిది.

మూడోది, షాపువాడు చెప్పిన డిగ్రీలు నమ్మకు. నువ్వే కొలువు. థర్మామీటరు ఉత్త గాలిలో వేలాడదీస్తే తలుపు తీసినప్పుడల్లా అబద్ధం చెబుతుంది. చిన్న గ్లాసులో గ్లిజరిన్ పోసి అందులో ముంచు. సున్నాకి పద్దెనిమిది కింద ఉండాలి. నాది సెల్సియస్. నీ ఫారెన్‌హీట్‌లో ఇంచుమించు సున్నా.

ఐలి


పైన్ హార్బర్
27 అక్టోబర్ 2022

అక్కా,

తీసేశాను. గొళ్లెం ఉన్న నా పాత పనిముట్ల పెట్టెలో పెట్టి, తాళం వేసి, నేలమాళిగలో ఎత్తైన అర మీదకి చేర్చాను. నువ్వు తిట్టావు కాబట్టి కాదు. చదివాక, టిల్డా చెయ్యి ఆ జాడీదాకా అందుతుందని నాకే తట్టింది.

ఇక ఫ్రీజర్ల సంగతి. హాంకాక్‌లో మూడు చూశాను. ఒకటి నిలువుది, అద్దంలా మెరుస్తోంది. వెనకాల చీటీ చదివితే మంచు పేరుకోని రకం. వదిలేశాను. రెండోది దిండంత పెట్టె. కాలేజీ పిల్లలు హాస్టల్ గదిలో పెట్టుకుంటారట. మూడోది పైన మూత ఉన్న పెట్టె ఫ్రీజరు, తాళంతో. షాపావిడ పేరు మిసెస్ క్రెస్గోవిచ్. అరవై దాటిన మనిషి, నోరు బాగా తిప్పి మాట్లాడుతుంది కాబట్టి నాకు అర్థమయింది.

"ఈ రెండింటినీ మూడు రోజులు ప్లగ్గులో పెట్టి చూడాలమ్మా" అన్నాను.

"కొంటావా, కాపరం చేస్తావా?" అంది.

"కాపరమే. తొమ్మిదేళ్లు."

నవ్వి ఒప్పుకుంది. రెండింట్లోనూ గ్లిజరిన్ గ్లాసులు పెట్టాను. మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం, షాపు మూసే ముందు వెళ్లి చూశాను. దిండు పెట్టె ఎప్పుడూ పది ఫారెన్‌హీట్‌కి కిందికి దిగలేదు. తలుపు ముందువైపు ఉంది కదా, తీసినప్పుడల్లా చలి కాళ్ల మీద పడిపోతోంది. మూత పెట్టె మాత్రం సున్నాకి రెండు కింద నిలబడింది, కదల్లేదు. మూత ఎత్తినా చలి లోపలే నీళ్లలా నిలిచి ఉంటుంది.

ఒక ఇబ్బంది. కరెంటు పోతే కూసే గంట ఉందట దానికి. నాకేం వినబడుతుంది? నడుస్తోందో లేదో తెలియడానికి మూత మీద అరచెయ్యి పెట్టి చూశాను. సన్నగా వణుకుతోంది. గుర్రం మెడ మీద చెయ్యేసినట్టుంది. అలా ఎంతసేపు నిలబడ్డానో, మిసెస్ క్రెస్గోవిచ్ వచ్చి భుజం తట్టింది.

గరాజులో పెడదామనుకుంటున్నాను. లేదంటే సౌనా గోడ పక్కన ఖాళీ ఉంది.

ఆర్వో


డులూత్
4 నవంబర్ 2022

ఆర్వోకి,

ముప్ఫయ్యొక్క ఏళ్లలో నా కింద పద్నాలుగు మంది పని నేర్చుకున్నారు. మూడు రోజులు, రోజుకి మూడుసార్లు, రెండు గ్లాసులు కొలిచినవాళ్లు ఇద్దరున్నారు. మిల్లులో దుంగలు కోసిన నా తమ్ముడు మూడోవాడు. ఈ మాట నీకు ఎదురుగా చెప్పను, నెత్తికెక్కుతుంది. అందుకే రాస్తున్నాను.

ఇంత చేసి సౌనా గోడ పక్కన పెడతావా? ఆ గోడ వెనకాల పొయ్యి మండుతుంది కదా నాయనా! గరాజు కూడా వద్దు. మన చలికి గరాజు ఫ్రీజరు కన్నా చల్లగా అవుతుంది, అప్పుడు దాని లోపలి యంత్రం తికమక పడి పనిచెయ్యదు. నేలమాళిగలో, ఉత్తరం గోడకి జానెడు ఎడంగా పెట్టు. వెనకనించి వేడి బయటికి పోవాలి.

గంట వినబడదన్నావు కదా. చిన్న కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టు. నువ్వు లేనప్పుడు కరెంటు పోయి మళ్లీ వస్తే, నాణెం కిందికి దిగి గడ్డకట్టి ఉంటుంది. పైనే ఉంటే ఏమీ కాలేదన్నమాట. కళ్లతో చూసే గంట అది.

లీటరు సీసా ఒక్కటిగా ఉంచకు. నల్లటి గాజు సీసాలు చిన్నవి పది తీసుకుని, మెడదాకా నింపి, గాలికి చోటు లేకుండా మూతలు బిగించు. ఒకసారికి ఒక్కటే తియ్యి. బయట పెట్టి, గది వేడికి వచ్చేదాకా మూత తెరవకు. లేకపోతే గాలిలో తేమ లోపల పడుతుంది. చేతికి తొడుగులు మర్చిపోకు. మిగతా ఖాళీలో నీళ్ల సీసాలు పేర్చు. నిండుగా ఉన్న ఫ్రీజరు చలిని త్వరగా వదలదు.

ఒకటడగాలి. అందులో ఇరవై సీసాలు పడతాయా?

ఐలి


పైన్ హార్బర్
15 నవంబర్ 2022

ఐలీ,

నాలుగు శనివారాలుగా టిల్డా రాలేదు. మొదట జలుబనుకున్నాను. యాలకులు వేసిన నిస్సు రొట్టె చేసి పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. కారిన్ గుమ్మంలోనే నిలబెట్టింది.

"నాన్నా, నీ ఫ్రిజ్‌లో పాల పక్కన విషం పెట్టుకున్నావట. అది నిజమా?"

"ఎవరు చెప్పారు?"

"అత్తయ్య రాసింది. నువ్వు చెప్పాల్సింది, ఆవిడ చెప్పింది."

ఆ కాయితం నా ముందు పెట్టింది. అక్టోబర్ పద్నాలుగు. నాకు రాసిన రోజే దానికీ రాశావు. సీసా తీసేశానని చెప్పాను, వినలేదు. "పెట్టాలని నీకెలా అనిపించింది?" అని ఒక్కటే ప్రశ్న. నేను రొట్టె గుమ్మం పక్కన పెట్టాను. వెనక గదిలోంచి టిల్డా చెయ్యి ఊపింది. ఏదో అంది, నాకు వినబడలేదు.

నన్ను తిట్టావు, సరే. వారం ఆగి నేనేం చేశానో చూసి ఉండకూడదా? పైగా "ఇరవై సీసాలు పడతాయా" అని ఒక పోటు. నేనేమైనా దుకాణం పెడుతున్నానా? నా ఆశకి హద్దు లేదని కాదూ నీ ఉద్దేశం?

ఒక సంగతి చెబుతాను. సిగరెట్లు మానేశాక నాకు ముక్కు తిరిగొచ్చింది. చెవులు పోయినా ముక్కు కుక్క ముక్కే. నీ మూడో తారీకో నాలుగో తారీకో ఉత్తరం విప్పగానే నా వంటిల్లు నాన్న పడుకున్న గది అయిపోయింది. కాయితం నిండా సిగరెట్ పొగ. ముందు ఉత్తరం మళ్లీ తీసి వాసన చూశాను. అందులోనూ అంతే. నీ ఇంట్లో కాలుస్తున్నదెవరు? రోల్ఫ్ బావ పోయి మూడేళ్లయింది.

నాకు విషం గురించి పాఠం చెప్పేముందు అది చెప్పు.

ఆర్వో


డులూత్
18 డిసెంబర్ 2022

ఆర్వోకి,

నెల దాటింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

కాలుస్తున్నది నేనే.

రోల్ఫ్ పోయిన శీతాకాలంలో ఆయన కోటు ఎవరికైనా ఇద్దామని తీశాను. జేబులో సగం పెట్టె ఉంది. ఆ వాసన ఒక్కసారి ఇల్లంతా ఉండాలనిపించి ఒకటి వెలిగించాను. అంతే, కాల్చాలని కాదు. ఆ పెట్టె అయిపోయింది. తర్వాతది నేనే కొన్నాను, ఊరికి అవతల ఎవరూ గుర్తుపట్టని చోట. మూడేళ్లుగా వెనక వరండాలో కోటు వేసుకుని కూర్చుంటున్నాను. ఆసుపత్రి వాళ్లు కనిపిస్తే నోట్లో పుదీనా బిళ్ల. చర్చిలో పాటల బృందం మానేశాను. గొంతు బాగాలేదని చెప్పాను, అదీ నిజమే. నాన్న ఊపిరి కోసం ఎలా తన్నుకున్నాడో నువ్వూ నేనూ కలిసి చూశాం. అయినా.

కారిన్‌కి రాయడం తప్పు. పిల్ల గురించి నిజంగానే భయపడ్డాను, కానీ అదొక్కటే కాదు. నీ ఉత్తరం చదివితే కుళ్లొచ్చింది. నలభై ఏళ్లు రెండు పెట్టెలు కాల్చినవాడు బయటపడ్డాడు. చదువుకున్నది, లాబ్‌లో పనిచేసింది వరండాలో కూర్చుంది. ఎక్కడో నీ తప్పు ఒకటి దొరికితే పట్టుకున్నాను. కారిన్‌కి ఇవాళ ఇంకో ఉత్తరం రాశాను. ఇందులో ఉన్నదంతా అందులోనూ ఉంది.

ఇరవై సీసాలు పోటు కాదు. పది నీకు, పది నాకు. అడగడానికి నోరు రాక అలా అడిగాను.

అక్క


పైన్ హార్బర్
5 జనవరి 2023

అక్కా,

నీ ఉత్తరం ఊళ్లో హోటలు బయట, ట్రక్కులో కూర్చుని చదివాను. తర్వాత లోపలికి వెళ్లి భోజనం చేశాను. నీకు ఇంకోలా రాసి ఉండాల్సింది. నాన్న గది మాట రాయకుండా ఉండాల్సింది. క్షమించు.

ఇక్కడి సంగతులు చెబుతాను, నీకు నవ్వొస్తుంది.

ఫ్రీజరు నవంబర్ ఆఖరులో వచ్చింది. అదే మూత పెట్టె. ఉత్తరం గోడకి జానెడు ఎడంగా పెట్టాను. జానెడంటే నా జానెడు, కొలిచి చూపించమన్నా చూపిస్తాను. పది సీసాలు నువ్వు చెప్పినట్టే నింపాను. పెరట్లో బల్ల వేసుకుని, తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని. ఒక్క చుక్క ఒలకలేదు. ప్రతి సీసా మీదా తేదీ రాసి, పుర్రె బొమ్మ ఉన్న చీటీ అంటించాను. అవి ఇనప డబ్బాలో, ఆ డబ్బా ఫ్రీజర్లో, ఫ్రీజరుకి తాళం.

క్రిస్మస్ ముందు తుపానులో రెండు రోజులు కరెంటు లేదు. మూత ముట్టుకోలేదు. మూడోరోజు పొద్దున కారిన్ నేను బతికున్నానో లేదో చూడ్డానికి వచ్చింది. నీ రెండో ఉత్తరం అప్పటికే అందిందనుకుంటాను, ఒక రకంగా చూసింది నన్ను. తిన్నగా నేలమాళిగకి దిగింది. నేను టార్చి పట్టుకుని వెనకాలే.

"తాళం చెవి ఏది?"

"మెడలో."

"స్నానం చేసేటప్పుడు?"

"మెడలోనే."

"సౌనాలో?"

"కాలుతుంది గానీ, మెడలోనే."

దాని పెదాలు వంకరపోయాయి. నవ్వు ఆపుకుంటే చిన్నప్పటినించీ అంతే. తాళం తీయించింది. ఇనప డబ్బా, చీటీలు అన్నీ చూసింది. కప్పు తీసి, "ఈ పావలా ఎందుకు?" అంది. చెప్పాను. నాణెం మంచు పైన పొడిగా కూర్చుని ఉంది. రెండు రోజుల చీకట్లో కూడా లోపల ఏమీ కరగలేదు. కారిన్ ఆ నాణెం తీసి, మళ్లీ అక్కడే పెట్టింది.

"ఇదంతా నీకెవరు నేర్పారు?" అంది.

"మీ అత్తయ్య."

మూత దించి, నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా పెదాలు మెల్లగా కదుపుతూ చెప్పింది: "శనివారం తీసుకొస్తా. కానీ నేలమాళిగ తలుపుకి కూడా గొళ్లెం పెట్టించు." ఆ సాయంత్రమే పెట్టించాను.

నువ్వు మార్చిలో రా. నీ పది సీసాల సంగతి పోస్టులో తేలేది కాదు. మొదట ఎంత గట్టిగా ఉండాలి, ఎప్పుడు తగ్గించాలి, అది పక్కన కూర్చుని చూడాల్సిన పని. ఆ గొట్టం మొదటి వారం దగ్గు తెప్పిస్తుంది. దగ్గేటప్పుడు నవ్వడానికి పక్కన ఒకరుండాలి.

నీ తమ్ముడు


డులూత్
20 జనవరి 2023

ఆర్వోకి,

వస్తాను. మార్చి పదిహేనుకి, రోడ్లు బాగుంటే.

కారిన్ నాకు రాసింది. ఒక్క పేజీ. చివర్లో "అత్తయ్యా, మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండో నాకు తెలియడం లేదు" అని. ఆ కాయితం దాచుకున్నాను.

నువ్వు పుర్రె బొమ్మ ఏ రంగుతో వేశావు? ఎరుపైతే చలికి రంగు వెలుస్తుంది. నల్లదే వాడు.

కొత్త మంచు కోటు కొనుక్కోవాలా, లేక ఇంట్లో ఉన్న రోల్ఫ్ కోటే సరిపోతుందా?

అక్క


డులూత్
21 మే 2023

ఆర్వో,

నీ దగ్గరినించి వచ్చి ఏడు వారాలు. ఇంతకాలం ఎందుకు రాయలేదని అడుగుతావు. రాయడానికి మంచి మాట వచ్చేదాకా ఆగాను.

ముందు చెడ్డది చెప్పేస్తాను. నీ ఇంటినించి వచ్చేటప్పుడు ఐరన్‌వుడ్ దగ్గర పెట్రోలు కోసం ఆగాను. లోపలికి వెళ్లి ఒక పెట్టె కొన్నాను. కారు పక్కన నిలబడి ఒకటి కాల్చాను. నీ వంటింట్లో పదహారు రోజులు మానినదాన్ని. మిగతావి చెత్తబుట్టలో పడేసి, కారెక్కి ఏడుస్తూ నలభై మైళ్లు నడిపాను. ఆ రాత్రి నీకు రాద్దామని కలం తీసి పెట్టేశాను. మళ్లీ నిన్ను నిరాశపరచడం ఇష్టం లేక. ఆ తర్వాత ఒక్కటి కూడా లేదు.

నేను నీ దగ్గర ఏం చూసి వచ్చానో నీకు తెలియదు. ప్రతి పొద్దునా కాఫీ పెట్టుకోకముందే నువ్వు కిందికి దిగి, ఆ మూత మీద అరచెయ్యి పెట్టి నిలబడడం చూశాను. మెట్ల మీంచి రోజూ చూశాను, నీకు వినబడలేదు. రక్తం నిల్వ గదిలో మా పెద్దావిడ ఒకరుండేవారు. ఆవిడ కూడా అలాగే, మెషీన్లు చెప్పేది చూసి ఊరుకోక చేత్తో తడిమి చూసేది. నేను ఆవిడలా కావాలని ముప్ఫై ఏళ్లు ప్రయత్నించాను. అది నా తమ్ముడికి ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

నేనూ ఒకటి కొన్నాను. నీకన్నా చిన్నది, మూత పైన, చేత్తో మంచు గీకే రకం. నువ్వు పెట్టిన పరీక్షే పెట్టాను. షాపులో నాలుగు రోజులు. (నువ్వు మూడే. గుర్తుంచుకో.) తెచ్చి దింపినాయన "జింక మాంసమా అమ్మా?" అన్నాడు. "కాదు, నా తమ్ముడి పని" అన్నాను. అర్థం కాలేదు, తల ఊపి వెళ్లిపోయాడు. నీ దగ్గర నించి తెచ్చిన రెండు సీసాలూ అందులో ఉన్నాయి, తాళంతో. మిగిలినవి నీ దగ్గరే ఉండనీ. వాటి కోసం రావడానికి నాకో సాకు ఉంటుంది.

పన్నెండు పాళ్లకి దిగాను. నువ్వు తొందరపడొద్దన్నావు, పడలేదు.

ఇక మంచి మాట. ఇవాళ ఆదివారం. చర్చి అయ్యాక కారెక్కకుండా సరస్సు ఒడ్డునించి మా వీధిదాకా నడిచాను. ఈ ఊరి కొండ నీకు తెలుసు. నిరుడు అదే దారిలో మూడుచోట్ల ఆగి, అందరూ చూస్తారని బూట్ల లేసు కట్టుకుంటున్నట్టు వంగేదాన్ని. ఇవాళ ఆగలేదు. చివరి మలుపు దగ్గర మోకాళ్లు వద్దన్నాయి, ఊపిరి మాత్రం వస్తూనే ఉంది. పైకెక్కి వెనక్కి తిరిగితే సరస్సు మొత్తం కనిపించింది, ఇంకా అంచుల్లో మంచు ముక్కలు తేలుతున్నాయి. గట్టిగా ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కన ఒక కుక్కా, దాని యజమానీ తప్ప ఎవరూ లేరు.

అందుకని ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, నీకు రాస్తున్నాను.

ఐలి అక్క